గోడ కొట్టే ముందు



యాసంగి కోతలు అయ్యాక, మళ్లీ వానలు పడేలోగా మన ఊళ్లలో ఇళ్ల పనులు ఊపందుకుంటాయి. పెళ్లి పెట్టుకున్న ఇంట్లో పాత గచ్చు తీసి టైల్స్ వేయిస్తారు. కొడుకు హైదరాబాదు నుంచి డబ్బు పంపిస్తే వంటింటికీ ముందు గదికీ మధ్య గోడ తీసేసి పెద్ద హాలు చేస్తారు. రోడ్డు వైపు గది ఉంటే దాన్ని దుకాణంగా మార్చి షట్టరు పెడతారు. ఇందిరమ్మ ఇల్లు మంజూరైనవాళ్లు పాత ఇంట్లో సగం కూల్చి, మిగతా సగంలో సంసారం చేసుకుంటూ, ఖాళీ అయిన జాగాలో కొత్త పునాది తీస్తారు. మన ఖమ్మం వైపు ముదిగొండలో చూసినా, నేలకొండపల్లిలో చూసినా, చింతకానిలో చూసినా ఇదే వరస.

ఈ పనుల్లో చాలావరకు ఒకే మాటతో మొదలవుతాయి: “ఈ గోడ తీసేద్దాం.” ఆ మాట అనేటప్పుడు గోడ మనకు అడ్డంగా ఉందన్నదే చూస్తాం. ఆ గోడ దేన్ని మోస్తోందో చూడం. పాత ఇంటి మీద సుత్తె పడక ముందు ఆ ఇంటి బరువు ఎక్కడెక్కడ నేలకు దిగుతోందో కనిపెట్టడం ఎలాగో ఇవాళ చెప్పదలచుకున్నాను. ఇళ్ల పనులు చూసే ఇంజినీరుగా ఈ సంగతి నాకు ఎంత ముఖ్యమో మాటల్లో చెప్పలేను. ఇందులో ఇంజినీరు అవసరమైన భాగం కొంతే. ఇంట్లోవాళ్లు ఒక పూట ఓపిక పడితే తేల్చుకోగలిగింది చాలా ఉంది.

ముందు మన ఇళ్లు ఎలా కట్టినవో గుర్తు చేసుకోవాలి. ముదిగొండ నిన్న మొన్న పుట్టిన ఊరు కాదు. కాకతీయులకు ముందే ఇక్కడ ఏలిన రాజవంశాన్ని చరిత్రకారులు ముదిగొండ చాళుక్యులనే పిలుస్తారు. ఆ కాలపు ఇళ్లు ఇప్పుడు లేవు గానీ, మన తాతలు కట్టినవి ఇంకా నిలిచే ఉన్నాయి. తూర్పున కొత్తగూడెం, భద్రాచలం వైపంతా అడవి. టేకూ మద్దీ అక్కడి నుంచి బండ్ల మీద వచ్చేవి. రాయికి మన దగ్గర కరువు లేదు, ఖమ్మం చుట్టూ గుట్టలే. మట్టి ఊరి చెరువులోది. పునాదికి రాయి, గోడకు మట్టి లేదంటే రాయీ మట్టీ కలిపి, ఆపైన కర్ర, దాని మీద గూన పెంకో బెంగుళూరు పెంకో. గోడ మందం మూరకు తగ్గేది కాదు.

అయితే ఈ ఇళ్లన్నీ ఒక్క తీరుగా నిలబడలేదు. అడవి దగ్గరి ఊళ్లలో ముందు కర్ర స్తంభాలు పాతేవాళ్లు. వాటి మీదికి దూలాలు ఎక్కించి, వాసాలు పరిచి, కప్పు వేశాక, అప్పుడు స్తంభాల మధ్య మట్టి గోడ పెట్టేవాళ్లు. అలాంటి ఇంట్లో మోసేది స్తంభం. గోడ ఎండకూ చలికీ మాత్రమే అడ్డం. మైదానం వైపు వచ్చేకొద్దీ దూలం నేరుగా గోడ మీదే కూర్చుంటుంది, అక్కడ గోడే సర్వం. ఒకే ఇంట్లో రెండు పద్ధతులూ కలిసి ఉండటం మామూలే: వెనక గదులు గోడల మీద, ముందు వసారా స్తంభాల మీద. తర్వాత సిమెంటు పల్లెలకు చేరింది. స్తంభాన్నీ గోడనూ కలిపి ఒకే ప్లాస్టింగ్ చేశారు. రంగులేశారు. ఇప్పుడు ఇంట్లో నిలబడి చూస్తే నాలుగు వైపులా నున్నటి గోడ తప్ప ఇంకేమీ కనబడదు.

ఆ నునుపే ప్రమాదం. ముదిగొండ మండలంలోనే ఒక రైతు ఇంటి సంగతి చెబుతాను. పాత పెంకుటిల్లు. నడి గోడలో ఆరడుగుల వెడల్పు దారి తీయాలనుకున్నారు. మేస్త్రీ గోడ తట్టి చూశాడు. మధ్యలో ఒకచోట డొల్ల శబ్దం వచ్చింది. “లోపల వట్టి మట్టే, గంటలో పోతుంది” అన్నాడు. డొల్ల శబ్దం వచ్చిన ఆ చోటే, దూలం కింద, అరచేయంత మేర ప్లాస్టింగ్‌ని ఉలితో మెల్లగా చెక్కించాం. ముప్పాతిక అంగుళం సిమెంటు పొర. దాని వెనక సున్నం పూతలు ఒకదాని మీద ఒకటి, అందులో ఒకటి నీలిమందు కలిపింది. వాటి వెనక మట్టి. మట్టి వెనక నల్లగా టేకు స్తంభం. పైకొసన దూలం కూర్చోవడానికి చక్కగా గాడి చెక్కి ఉంది. ఆ వడ్రంగి పని చేసిన చేయి ఎవరిదో గానీ, గొప్ప చేయి.

స్తంభం మీద కనబడినంత మేర చెదల మట్టి గొట్టాలు పాకి ఉన్నాయి. అది చూశాక అడుగున, గడప ఎత్తులో, ఇంకోచోట చెక్కించాం. స్తంభం మొదలు బయటపడింది. స్క్రూడ్రైవర్ పెట్టి నొక్కితే రెండంగుళాలు మెత్తగా దిగిపోయింది. అంటే ఆ ఇంటి నడి దూలం అడుగు పుచ్చిన స్తంభం మీద ఉంది. ఆ స్తంభం తనను చుట్టుకున్న మట్టి గోడ పట్టు మీద ఉంది. స్తంభం మోస్తోంది కాబట్టి గోడ తీసేయొచ్చు అనుకున్నా తప్పే, గోడే మోస్తోంది కాబట్టి స్తంభంతో పని లేదు అనుకున్నా తప్పే. రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడ్డాయి. ఆ గంట పని జరిగి ఉంటే నడి కప్పు మొత్తం కింద పనిచేసేవాళ్ల మీదికి వచ్చేది. రెండు చిన్న రంధ్రాలు చెక్కడానికి పట్టింది కాసేపు. పూడ్చడానికి దోసెడు సిమెంటు చాలు.

స్తంభం మొదలే ఎందుకు పుచ్చుతుందంటే, తడి నేల నుంచి పైకి ఎక్కుతుంది. పాతకాలపు మట్టి గోడ, సున్నపు పూత ఆ తడిని బయటికి వదిలేవి. పైన సిమెంటు పొర వేశాక తడికి దారి లేకుండా పోయింది. అందుకే చాలా ఇళ్లలో గోడ పైన పొడిగా కనబడుతుంది, లోపల కర్ర నానుతూ ఉంటుంది. గోడ అడుగు భాగంలో రంగు పొక్కులు లేస్తున్నాయా, ప్లాస్టింగ్ ఉబ్బిందా చూడండి. అక్కడ ముందు చెక్కి చూడాలి.

ఇక బరువు ఎలా దిగుతోందో తెలుసుకోవడం. కింద నుంచి పైకి చూస్తే తికమక పడతాం. పై నుంచి కిందికి రావాలి. పెంకుటిల్లయితే నిచ్చెన వేసుకుని అటక మీదికెక్కి, టార్చిలైటు పట్టుకుని చూడండి. వాసాల చివరలు ఏ గోడ మీద ఆగాయి? దూలం రెండు కొసలూ ఎక్కడ దిగాయి? దూలం మధ్యలో నిలువుగా ఒక పొట్టి కర్ర లేచి పైన వెన్నుపట్టెను మోస్తోందా? అలా ఉంటే ఆ దూలం మీద సగం కప్పు ఉన్నట్టే. పైన చూసిన ఒక్కో చోటికీ సరిగ్గా కింద గోడ మీద సుద్దముక్కతో గుర్తు పెట్టండి. బయటి గోడ నుంచి టేపు పట్టి కొలుచుకుంటే గుర్తు తప్పదు. ఈ పని అయ్యాక గోడల్ని చూడండి, ఏది ముట్టుకోకూడదో సుద్ద గీతలే చెబుతాయి.

దూలం తలకు తగులుతోందనో, సీలింగు కొట్టించడానికి అడ్డొస్తోందనో మధ్యలో కోసేసేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. వాలు కప్పు వాసాలు ఎప్పుడూ గోడల్ని బయటికి నెడుతూ ఉంటాయి. ఆ నెట్టుడును ఆపి రెండు గోడల్నీ కలిపి పట్టి ఉంచేది ఆ అడ్డ దూలమే. దాన్ని కోసిన రోజు ఏమీ కాదు. ఒక వానాకాలం గడిచాక గోడ పైన బయటికి వంగుతుంది, పెంకులు జారడం మొదలవుతుంది. అప్పుడు అందరూ గాలివానను తిడతారు.

స్లాబు ఇళ్ల సంగతి వేరు. మన దగ్గర 1980లు, 90ల్లో కట్టిన స్లాబు ఇళ్లలో చాలా వాటికి పిల్లర్లు లేవు. తొమ్మిదంగుళాల ఇటుక గోడల మీద స్లాబు పరిచేశారు, అంతే. అందులో ప్రతి తొమ్మిదంగుళాల గోడా మోసే గోడే అనుకుని మొదలుపెట్టండి. గది పది అడుగులు ఇరవై అడుగులు ఉందనుకోండి. లోపలి మోసే చువ్వలు పొట్టి వైపు, పది అడుగుల వైపు నడుస్తాయి. బరువు పొడుగు గోడల మీద పడుతుంది. అలాంటి రెండు గదుల మధ్య పొడుగు గోడ తీసేస్తే, పది అడుగులు దాటడానికి వేసిన స్లాబు ఒక్కసారిగా ఇరవై అడుగులు దాటాలి. ఇంకో చిక్కు కూడా ఉంది. నడి గోడ మీదుగా వెళ్లే స్లాబులో, ఆ గోడ దగ్గర చువ్వలు పైభాగంలో ఉంటాయి, అక్కడ లాగుడు పైన ఉంటుంది కనుక. గోడ పోతే లాగుడు కింది వైపుకు మారుతుంది. అక్కడ సరిపడా ఇనుము ఉండదు. స్లాబు పగలక ఏం చేస్తుంది?

“నాలుగున్నర అంగుళాల గోడే కదా, భయం లేదు” అనే మాట మేస్త్రీల నోట తరచు వినబడుతుంది. అది సగం నిజం. అలాంటి గోడ మోయడం కోసం కట్టింది కాకపోవచ్చు. కానీ ముప్పై ఏళ్లలో స్లాబు కాస్త కుంగి దాని మీద ఆని ఉండొచ్చు. మెట్ల మధ్య మలుపు దాని మీద ఉండొచ్చు. వంటింట్లో బరువైన అటక స్లాబు ఒక కొస అందులోనే దిగి ఉండొచ్చు. మీద అంతస్తు వేసినప్పుడు ఎవరో సరిగ్గా దాని పైనే ఇంకో గోడ లేపి ఉండొచ్చు. పైకెళ్లి చూడకుండా కింద గోడ కొట్టకూడదు.

పాత మిద్దెలు, బడి కట్టడాలు, కిరాణా దుకాణాల వరసలు ఉన్నచోట ఇంకో రకం కనబడుతుంది. ఇనుప గడ్డర్లు వేసి, వాటి మధ్య ఇటుకలతో చిన్న చిన్న కమానులు తిప్పి, పైన డంగు సున్నం పోసిన కప్పు. కొన్నిచోట్ల గడ్డర్ల బదులు పాత రైలు పట్టాలే వాడారు. ఈ కప్పులో ప్రతి కమానూ పక్క కమానును నెడుతుంది. చివరి కమాను బయటి గోడను నెడుతుంది. ఆ చివరి గోడలో షట్టరు కోసం దారి తీస్తే, వరస మొత్తం సడలుతుంది. ఇలాంటి కప్పున్న ఇంట్లో ఏ చిన్న పనికైనా ఇంజినీరును పిలవకుండా ముందుకెళ్లకండి. ఈ ఒక్క విషయంలో నేను మినహాయింపు ఇవ్వను.

శ్రోతలారా, ఇప్పుడు చెప్పబోయేది మన పల్లెల్లో అన్నిటికంటే ఎక్కువగా జరిగేది, ఎవరూ అంతగా పట్టించుకోనిది. అన్నదమ్ములు ఇల్లు పంచుకోవడం.

పెద్ద ఇల్లు. ఇద్దరు అన్నదమ్ములు. పెద్దమనుషులు కూర్చుని నడి వాకిలి నుంచి గీత గీసి, తూర్పు సగం ఒకరిది, పడమటి సగం ఇంకొకరిది అని తేల్చారు. కాగితం రాసుకున్నారు. గీత నేల మీద పడింది గానీ కప్పులో పడలేదు. నడి దూలం ఇద్దరి వాటాలకూ అడ్డంగా ఉంది, ఒక కొస తమ్ముడి గోడలో, ఇంకో కొస అన్న గోడలో. పదేళ్ల తర్వాత తమ్ముడికి ఇల్లు మంజూరైంది. తన వాటా తాను కూల్చుకుంటున్నాడు, న్యాయంగా అతనికి ఆ హక్కుంది. దూలాన్ని గీత దగ్గర రంపంతో కోసేశారు. అన్న వాటాలో మిగిలిన దూలానికి ఇప్పుడు ఒక కొసే ఆధారం. రెండో కొస గాల్లో ఉంది. దాని కింద ఎప్పుడో పెట్టిన పలచటి అడ్డగోడ మీద ఎలాగో ఆగింది. ఆ గదిలో మనవరాలు పడుకుంటుంది.

ఇది ఒక ఇంటి కథ అనుకోకండి. ఇల్లు పంచుకుని ఒకరు కూల్చిన చోట్ల ఇది మళ్లీ మళ్లీ కనబడుతుంది. మధ్య గోడ ఒకటే అయితే ఇంకా కష్టం. రెండు ఇళ్ల వాసాలూ దాని మీదే ఉంటాయి. ఒక పక్క కప్పు తీసేస్తే, రెండు వైపుల నుంచీ సమానంగా ఒత్తిడి పడే గోడ మీద ఒక్క వైపు నుంచే నెట్టుడు మిగులుతుంది. పైగా ఇన్నాళ్లూ లోపలి గోడగా ఉన్నది ఇప్పుడు వానకు తడిసే బయటి గోడ అయింది. మట్టి గోడ మొదటి వానకే నానుతుంది. అందుకని, కూల్చేవాళ్లు ముందుగా అవతలి వాళ్లింట్లోకి వెళ్లి వాళ్ల కప్పు ఏ ఆధారం మీదుందో ఇద్దరూ కలిసి చూసుకోవాలి. మాటలు లేని అన్నదమ్ములైనా సరే. పెద్దమనుషులు పంపకం కాగితం రాసేటప్పుడే, ఎవరు ముందు కూల్చినా రెండోవాళ్ల దూలానికి కొత్త స్తంభం నిలబెట్టాకే కూల్చాలి అని ఒక వాక్యం రాయించండి. వాటాల్లో బావిలో నీళ్లకూ నడిచే దారికీ వాక్యం రాయించుకుంటాం కదా, దూలానికి ఎందుకు రాయించుకోకూడదు?

పాత కట్టడం మోయలేని బరువు పెడితే ఏమవుతుందో మన పక్కనే చూశాం. 2025 మార్చి 26న భద్రాచలం పట్టణంలో కట్టుబడిలో ఉన్న ఆరంతస్తుల భవనం కుప్పకూలింది. కింద ఉన్న పాత కట్టడం మీదే పై అంతస్తులు లేపారని అప్పట్లో వార్తల్లో వచ్చింది. సింగరేణి రెస్క్యూ సిబ్బంది, ఎన్డీఆర్ఎఫ్ వాళ్లు శిథిలాలు తొలిచారు. ఇద్దరు పనివాళ్లు ప్రాణాలు కోల్పోయారు. పొద్దున పనికని ఇంట్లోంచి బయల్దేరి వెళ్లినవాళ్లు వాళ్లు.

పల్లెలో ఆరంతస్తులు లేపం, నిజమే. కానీ పెంకు తీసి స్లాబు వేస్తాం. ఆ లెక్క చూద్దాం. బెంగుళూరు పెంకుల కప్పు, పెండెబద్దలతో కలిపి, చదరపు మీటరుకు సుమారు 65 కిలోలు తూగుతుంది. అయిదంగుళాల మందం స్లాబు చదరపు మీటరుకు 300 కిలోలు దాటుతుంది. పన్నెండడుగులు పదిహేనడుగుల గది తీసుకోండి. పాత గోడలు ఇన్నాళ్లూ మోసింది, పెద్ద కర్రల బరువు పక్కన పెడితే, ఒక టన్నుకు కాస్త పైన. ఇప్పుడు మోయమంటున్నది అయిదు టన్నులకు పైన. అదనంగా స్లాబు మీద నీళ్ల ట్యాంకు, పండక్కి ఎక్కే జనం. మట్టితో కట్టిన రాతి గోడ దీనికి ఒప్పుకోదు. గోడ కింది పునాదీ ఒప్పుకోదు. స్లాబు కావాలంటే కొత్త పిల్లర్లు నేల నుంచి రావాలి.

పిల్లర్ గుంత తీసేటప్పుడు నేల లోపలి సంగతి కూడా కనుక్కోవాలి. మన పాత ఇళ్లలో ధాన్యం పాతర్లు ఉండేవి. వాడకం పోయాక మట్టి పోసి పైన గచ్చు చేసేశారు. పూడ్చిన బావులున్నాయి, పాత మరుగుదొడ్డి గుంతలున్నాయి. పైన గచ్చు గట్టిగానే ఉంటుంది, కింద వదులు మట్టి. నల్లరేగడి ఉన్నచోట ఇది ఇంకా చెడ్డది, వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు విడుస్తుంది. ఇంట్లో అందరికంటే పెద్దవాళ్లను అడగండి. పాతర ఎక్కడుండేదో ముసలమ్మకు గుర్తుంటుంది. ఏ దర్వాజ మూసేసి గోడ కట్టారో, ఏ స్తంభం విరిగితే మార్చారో కూడా ఆమే చెబుతుంది. ఇంటి పాత పెళ్లి ఫొటోలు బయటికి తీయండి. వెనక వసారాలో స్తంభాలు కనబడతాయి, ఇప్పుడు అవి ఏ గోడలో కలిసిపోయాయో తెలుస్తుంది. ఇంజినీరు యంత్రంతో వెతికేది ఆ ఫొటో ఒక్క నిమిషంలో చూపిస్తుంది.

చదువుకున్నవాళ్లు, డబ్బున్నవాళ్లు ఉన్నచోట ఇలా కట్టడాలు కూలవని అనుకోకండి. 1995 జూన్ 29న దక్షిణ కొరియా రాజధాని సోల్‌లో సాంపూంగ్ అనే పెద్ద దుకాణ సముదాయం కూలి 502 మంది చనిపోయారు. ఎస్కలేటర్లు పెట్టడానికి అడ్డమని కొన్ని పిల్లర్లు తీసేశారు. మిగిలినవి సన్నగా కట్టారు. లెక్కలో లేని అయిదో అంతస్తు లేపారు. కొన్ని నెలల ముందు నుంచే పైకప్పులో పగుళ్లు కనబడుతున్నాయి. ఆ రోజు కూడా పై అంతస్తు మూసి, కింద అమ్మకాలు సాగించారు.

ఇక భూకంపం మాట. మనకేం భూకంపాలు అంటారు. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో భూమి కంపించింది. 2024 డిసెంబరు 4 ఉదయం ములుగు దగ్గర 5.3 తీవ్రతతో వచ్చిన భూకంపానికి ఖమ్మంలో కూడా జనం ఇళ్లలోంచి బయటికి పరుగెత్తారు. గోదావరి లోయ 2002 నాటి దేశ భూకంప పటంలో మూడో జోన్‌లో ఉంది. ఇక్కడే ఒక విషయం గమనించాలి. కప్పు బరువు ఏమాత్రం మోయని అడ్డగోడ కూడా ఇంటికి ఆసరా కావచ్చు. పొడవాటి గోడ పక్కకు పడకుండా పట్టుకునేది దానికి అడ్డంగా వచ్చి కలిసే గోడలే. నిలువు బరువుకు అవి లెక్కలో లేకపోయినా, భూమి పక్కలకు ఊగినప్పుడు అవే దిక్కు. హాలు విశాలంగా ఉండాలని ఉన్న అడ్డగోడలన్నీ తీసేస్తే, మామూలు రోజుల్లో ఇల్లు నిలబడే ఉంటుంది.

వరద చేసిన చెరుపు కూడా అంతే, మామూలు రోజుల్లో కనబడదు. 2024 సెప్టెంబరు ఒకటిన మున్నేరు పొంగి ఖమ్మంలో కాలనీలకు కాలనీలు నీట మునిగాయి. అప్పుడు నానిన ఇళ్లు ఆరిపోయి, రంగులు కూడా వేసుకుని ఉంటాయి ఈపాటికి. మట్టితో కట్టిన పునాది నీళ్లలో నానితే రాళ్ల మధ్య మట్టి కొంత కొట్టుకుపోతుంది. అలాంటి ఇంట్లో పని పెట్టుకుంటే గోడ పక్కన ఒకచోట పునాది దాకా తవ్వి చూసి తీరాలి.

పాత కట్టడాన్ని ఎంత ఓపికగా విప్పొచ్చో మన హనుమకొండ వేయిస్తంభాల గుడి కల్యాణ మండపం చూపించింది. 1163లో కాకతీయ రుద్రదేవుడు కట్టించిన ఆ గుడిలో మండపం పునాది కదిలి కూలే స్థితికి వస్తే, పురావస్తు శాఖ దాన్ని రాయి రాయిగా విప్పింది. ప్రతి రాయికీ నంబరు వేసి పక్కన పేర్చింది. పునాదిలో కాకతీయులు ఇసుక నింపిన పద్ధతిని అర్థం చేసుకుని, మళ్లీ అలాగే నింపి నిలబెట్టింది. పదిహేనేళ్లకు పైగా పట్టి, 2024 మార్చి 8న, శివరాత్రి నాడు మండపం తెరుచుకుంది. ఆలస్యమైందని విమర్శించినవాళ్లున్నారు. నేను మాత్రం ఆ నంబర్ల పనికి దండం పెడతాను. మన పెంకుటింటికి అంత పని అక్కర్లేదు. విప్పే దూలాలకూ వాసాలకూ సుద్దతో అంకెలు వేసి, ఫోనులో ఫొటోలు తీసుకుంటే చాలు.

గోడ తీయక తప్పదని తేలింది, ఇంజినీరు కూడా సరే అన్నాడు అనుకుందాం. అప్పుడు పని వరస ఇది. తీసే గోడకు రెండు వైపులా కప్పుకు ఊతలు పెట్టాలి. ఇనుప జాకీలైతే మేలు. సర్వి కర్రలైతే కింద పలక, పైన పలక వేసి బిగించాలి, గచ్చు మీద నేరుగా నిలబెట్టకూడదు. కింద గది ఉంటే అక్కడ కూడా సరిగ్గా అదే చోట ఊతలుండాలి. ఊతల మీద బరువు పడిందని నమ్మకం కుదిరాకే గోడలో పై నుంచి కిందికి, కొంచెం కొంచెంగా ఇటుకలు విప్పాలి. పదడుగుల పొడవు, పదడుగుల ఎత్తు ఉన్న తొమ్మిదంగుళాల గోడ ఒక్కటే నాలుగు టన్నులుంటుంది. కింద గడ్డపారతో పొడిచి ఒక్కసారి పడగొడితే అది ఎటు పడుతుందో ఎవరి చేతిలోనూ ఉండదు. తర్వాత ఇనుప గడ్డరో కాంక్రీటు బీమో, దాని రెండు కొసల కిందా గట్టి ఆధారంతో రావాలి. బీమును సగం ఇటుక మీద ఆనించి వదిలేయకండి.

కాంక్రీటు బీమయితే ఊతలు ఎప్పుడు తీయాలో మన జాతీయ ప్రమాణాల్లో ఉంది. ఇరవై అడుగుల లోపు బీముకు కనీసం 14 రోజులు, అంతకు మించితే 21 రోజులు. స్లాబుకైతే పదిహేనడుగుల లోపు 7 రోజులు, మించితే 14. పెళ్లి ముహూర్తం దగ్గరపడిందని అయిదో రోజునే ఊతలు లాగేయమనే ఇంటి యజమానులను నేను చూశాను. ముహూర్తం ఇంకొకటి దొరుకుతుంది.

పని జరుగుతున్నన్ని రోజులూ పగుళ్లను కనిపెట్టుకుని ఉండాలి. ఎక్కడైనా పగులు కనబడితే దాని రెండు కొసల దగ్గర పెన్సిలుతో గీత గీసి తేదీ రాయండి. పగులు మీద అడ్డంగా చిన్న గాజుముక్క అంటించండి. గోడ కాస్త కదిలినా గాజు విరుగుతుంది. తలుపు నిన్నటిదాకా సాఫీగా పడి ఇవాళ బిగుసుకుంటే, దూలం దగ్గర మట్టి రాలుతుంటే, కర్ర కిర్రుమంటే, పని ఆపి అందరూ బయటికి రావాలి. తర్వాత ఆలోచిద్దాం అనకూడదు.

అనుమానం తీరకపోతే యంత్రాలున్నాయి. గోడలోపల చువ్వ ఎక్కడుందో చూపే పరికరం ఉంది. కాంక్రీటు గట్టిదనాన్ని రీబౌండ్ హ్యామర్‌తో, లోపల బీటలు, డొల్లలు ఉన్నాయేమో ధ్వని తరంగాలతో కనిపెడతారు. ఖమ్మంలో స్ట్రక్చరల్ ఇంజినీర్లున్నారు. పెద్ద కట్టడమైతే వరంగల్ ఎన్ఐటీ సివిల్ విభాగం దాకా వెళ్లొచ్చు. చిన్న ఇంటికి ఇంజినీరు ఒకసారి వచ్చి చూసి వెళ్లడానికయ్యే ఖర్చు, మీరు హాలులో వేసే టైల్స్ ఖర్చులో చిన్న వంతు.

చివరగా ఇళ్ల యజమానులకు ఒక విన్నపం. కూల్చే పనిని మనం వేరే బేరం పెడతాం. కట్టే మేస్త్రీ వేరు, కూల్చే ముఠా వేరు. తక్కువ అడిగినవాళ్లకు ఇచ్చేస్తాం. ఆ తక్కువ రేటులో ఊతలు ఉండవు, జాకీలు ఉండవు, చెక్కి చూసే పూట ఉండదు. గోడ కింద గడ్డపార పట్టుకుని నిలబడేది మన ఊరి కూలీలే, ఆడవాళ్లు కూడా ఉంటారు తట్టలెత్తడానికి. కూల్చే బేరంలో ఊతల ఖర్చు విడిగా రాయించి మీరే భరించండి. మేస్త్రీలకు కూడా ఒక మాట: ఊతలు లేకుండా గోడ తీయమని ఎంత పెద్దవాళ్లు చెప్పినా కాదనండి. ఊతలు నిలబడేదాకా ఒక్క మనిషిని కూడా ఆ గోడ దగ్గరికి పంపకండి.